హెచ్‌ఐవీ పరీక్ష, మందులు, నివారణ: విజయవాడ, గుంటూరు వాసులు తరచుగా అడిగే ప్రశ్నలు

గుంటూరులో కౌన్సెలింగ్ గదిలో బల్లకు ఈవల కూర్చుని ఏళ్ల తరబడి విన్న ప్రశ్నలివి. కొందరు నేరుగా అడుగుతారు, కొందరు "మా స్నేహితుడికి" అని మొదలుపెడతారు, కొందరు లేచి తలుపు దాకా వెళ్లి, తిరిగి వచ్చి అడుగుతారు. ఎవరు ఏ తీరున అడిగినా జవాబు మాత్రం ఒకే విధంగా, దాచకుండా చెప్పాలన్నదే ఈ పేజీ ఉద్దేశం.

హెచ్‌ఐవీ, ఎయిడ్స్ రెండూ ఒకటేనా?

ఒకటి కావు. హెచ్‌ఐవీ అనేది వైరస్ పేరు. అది రక్తంలోని సీడీ4 కణాలలోకి చొరబడి, వాటిలోనే తన సంఖ్యను పెంచుకుని, చివరికి వాటిని నాశనం చేస్తుంది. మన ఒంట్లో రోగాలతో పోరాడే దండుకు దారి చూపేవి ఆ కణాలే. ఆరోగ్యవంతులలో అవి ఒక ఘన మిల్లీమీటరు రక్తానికి సుమారు 500 నుంచి 1500 వరకు ఉంటాయి. ఆ సంఖ్య 200 కంటే దిగువకు పడిపోయినప్పుడు గాని, మామూలు మనుషులను అంతగా బాధించని ఇన్ఫెక్షన్లు మీదపడినప్పుడు గాని ఆ దశను ఎయిడ్స్ అంటారు. మందులు వాడకపోతే ఆ దశకు చేరడానికి చాలామందికి ఎనిమిది నుంచి పదేళ్లు పడుతుంది. ఆ కాలమంతా మనిషి పనికి వెళుతూ, పెళ్లిళ్లకు వెళుతూ, చూడటానికి నిక్షేపంలా ఉంటారు. అందువల్ల ముఖం చూసి హెచ్‌ఐవీ ఉందని గాని, లేదని గాని ఎవరూ చెప్పలేరు.

ఇది మన దేశానికి ఎప్పుడు వచ్చింది?

ఈ వ్యాధి సంగతి 1981లో అమెరికాలో మొదట వెలుగులోకి వచ్చింది. 1983లో పారిస్‌లోని పాశ్చర్ సంస్థ శాస్త్రవేత్తలు వైరస్‌ను గుర్తించారు. మన దేశంలో 1986లో చెన్నైలో డాక్టర్ సునీతి సోలమన్, ఆమె విద్యార్థిని డాక్టర్ నిర్మల సేకరించిన రక్త నమూనాలలో తొలిసారి బయటపడింది. అప్పటికి దీనికి మందు లేదు. జనం మనసులో ఇప్పటికీ ఉన్న భయం చాలావరకు ఆ రోజులదే. వైద్యం ఎంతో దూరం వచ్చేసినా భయం అక్కడే ఆగిపోయింది.

ఎలా సోకుతుంది? కలిసి తింటే, ఒకే బాత్రూమ్ వాడితే సోకుతుందా?

రక్తం, వీర్యం, యోని స్రావాలు, మలద్వారపు స్రావాలు, తల్లిపాలు అనే ఈ ఐదింటి ద్వారానే ఈ వైరస్ ఒకరి నుంచి మరొకరికి చేరుతుంది. అంటే కండోమ్ లేని లైంగిక సంబంధం, ఒకరు వాడిన సూదిని మరొకరు వాడటం, పరీక్షించని రక్తం ఎక్కించడం, తల్లి నుంచి బిడ్డకు గర్భంలోనో కాన్పు సమయంలోనో పాల ద్వారానో చేరడం తప్ప వేరే దారి లేదు. లాలాజలం, చెమట, కన్నీరు, దగ్గు, తుమ్ముల ద్వారా రాదు. ఒకే కంచంలో తిన్నా, ఒకే మంచంపై పడుకున్నా, ఒకే బాత్రూమ్ వాడినా, కౌగిలించుకున్నా రాదు.

దోమల గురించి తప్పకుండా అడుగుతారు. మన ప్రాంతంలో దోమలు ఎక్కువ కాబట్టి అడగటంలో న్యాయం ఉంది. మలేరియా క్రిమి దోమ ఒంట్లో పెరుగుతుంది, హెచ్‌ఐవీ పెరగదు. పైగా దోమ కుట్టినప్పుడు మన ఒంట్లోకి వదిలేది తన లాలాజలాన్నే గాని అంతకుముందు పీల్చిన రక్తాన్ని కాదు. అందుచేత దోమకాటుతో హెచ్‌ఐవీ రాదు.

ఇంట్లో ఒకరికి పాజిటివ్ అని తెలిసిన మర్నాడే వారికి వేరే గ్లాసు, వేరే కంచం పెట్టిన ఇళ్లను చూశాను. ఆ గ్లాసు వల్ల ఇంట్లో ఎవరికీ రక్షణ కలగదు. దాన్ని రోజూ చేతిలోకి తీసుకునే మనిషి మాత్రం లోలోపల కుంగిపోతారు, ఆ కుంగుబాటులోనే మందులు మానేస్తారు.

పరీక్ష ఎక్కడ చేయించుకోవాలి? నా పేరు బయటకు వస్తుందా?

ప్రభుత్వ ఆసుపత్రులలోని ఐసీటీసీలలో, అంటే కౌన్సెలింగ్ ఇచ్చి హెచ్‌ఐవీ పరీక్ష చేసే కేంద్రాలలో, పరీక్ష ఉచితం. విజయవాడలోనూ గుంటూరులోనూ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో ఈ కేంద్రం ఉంది. మీరుండే చోటికి దగ్గరి కేంద్రం ఏదో 1097 అనే ఉచిత ఫోన్ నంబరుకు చేసి తెలుసుకోవచ్చు. ముందు కౌన్సెలర్ మాట్లాడతారు, మీ అంగీకారం తీసుకుంటారు, ఆ తరువాతే రక్తం తీస్తారు. ఫలితాన్ని మీకు విడిగా, గదిలో చెబుతారు. ఒక్క కిట్‌తో పాజిటివ్ అని తేల్చరు; వేర్వేరు పద్ధతులలో పనిచేసే మూడు కిట్లతో పరీక్షించి, మూడింటిలోనూ పాజిటివ్ వస్తేనే నిర్ధారిస్తారు. అందుకే ప్రైవేటు ల్యాబ్‌లో ఒక్క పరీక్ష చేయించుకుని, ఆ కాగితం పట్టుకుని రాత్రంతా ఏడ్చిన వారికి నేను చెప్పే మొదటి మాట, ఐసీటీసీలో నిర్ధారణ అయ్యేదాకా దేన్నీ ఖాయం చేసుకోవద్దని.

నిన్న రాత్రి తప్పు జరిగింది. ఇవాళ పరీక్ష చేయించుకుంటే తెలుస్తుందా?

తెలియదు. వైరస్ ప్రవేశించిన తరువాత దాని జాడ పరీక్షకు దొరకడానికి కొంత వ్యవధి కావాలి. దాన్ని విండో పీరియడ్ అంటారు. వైరస్‌ను ఎదుర్కోవడానికి ఒళ్లు తయారుచేసే యాంటీబాడీలను వెతికే ఐసీటీసీ పరీక్షలలో చాలామందికి మూడు నుంచి ఆరు వారాలలోనే బయటపడుతుంది గాని, మూడు నెలలు నిండాక చేసిన పరీక్ష నెగెటివ్ అయితేనే దాన్ని పూర్తిగా నమ్మవచ్చు. ఈ మధ్యకాలంలోనే వైరస్ రక్తంలో అత్యధికంగా ఉంటుంది కాబట్టి, ఫలితం తేలేవరకు కండోమ్ తప్పనిసరి.

అయితే "నిన్న రాత్రి" అన్నారు కాబట్టి, పరీక్షకంటే ముందు చేయవలసిన పని మరొకటి ఉంది. దాన్ని పెప్ అంటారు. వైరస్ సోకే అవకాశమున్న సంఘటన జరిగిన 72 గంటలలోపు మందులు మొదలుపెట్టి 28 రోజులు క్రమం తప్పకుండా వాడితే, వైరస్ ఒంట్లో స్థిరపడకుండా చాలావరకు ఆపవచ్చు. 72 గంటలన్నది చివరి గడువు మాత్రమే. ఎన్ని గంటలు ముందు మొదలుపెడితే అంత మేలు. సూది గుచ్చుకున్న నర్సులు, పారిశుద్ధ్య కార్మికులు, అత్యాచారానికి గురైనవారు ఒక్క నిమిషం కూడా ఆలోచించకుండా ప్రభుత్వ ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లాలి. సూది గుచ్చుకున్న చోటును పిండకుండా, సబ్బు నీళ్లతో కడిగి బయలుదేరాలి.

పాజిటివ్ వస్తే మందులు ఎప్పుడు మొదలుపెడతారు? ఖర్చు ఎంత?

వెంటనే, ఉచితంగా. ఒకప్పుడు సీడీ4 కణాలు ఫలానా సంఖ్యకు తగ్గేదాకా ఆగేవారు. 2017 నుంచి మన దేశంలో ఆ పద్ధతి పోయి, సీడీ4 ఎంత ఉన్నా నిర్ధారణ కాగానే ఏఆర్‌టీ మందులు, అంటే వైరస్‌ను పెరగనివ్వని మందులు, మొదలుపెడుతున్నారు. క్షయ, మెదడుపొర వాపు వంటివి ఉన్నవారికి మాత్రం వాటి చికిత్స ముందు మొదలుపెట్టి, కొద్ది వారాల తరువాత వీటిని కలుపుతారు.

ఇప్పుడు ఎక్కువమందికి ఇచ్చేది టీఎల్‌డీ బిళ్ళ. టెనోఫోవిర్ 300 మిల్లీగ్రాములు, లామివుడిన్ 300, డొలుటెగ్రావిర్ 50 కలిపి ఒకే బిళ్ళగా చేసినది, రోజుకు ఒక్కటే. తిని వేసుకోవచ్చు, తినక వేసుకోవచ్చు. వేళ మాత్రం తప్పకూడదు. పాత మందులలో ఎఫావిరెంజ్ అనేది వేసుకున్న రాత్రి తల తిరగడం, పీడకలలు రావడం ఉండేవి. ఆ అనుభవం చెప్పి కొత్తవారిని భయపెట్టేవారు ఇంకా ఉన్నారు. టీఎల్‌డీతో ఆ బాధ లేదు. కొందరికి నిద్ర పట్టకపోవచ్చు, అటువంటివారు డాక్టరును అడిగి ఉదయం వేసుకోవచ్చు. కొందరు కాస్త బరువు పెరుగుతారు. టెనోఫోవిర్ మూత్రపిండాలపై ప్రభావం చూపే అవకాశముంది కాబట్టి క్రియాటినిన్ పరీక్ష చేస్తుంటారు, దాన్ని ఎగ్గొట్టవద్దు.

ఐరన్, కాల్షియం బిళ్ళలు, గ్యాస్ కోసం తాగే సిరప్‌లు డొలుటెగ్రావిర్‌ను ఒంటికి పట్టనివ్వవు. వాటికి రెండు గంటల ముందు గాని, ఆరు గంటల తరువాత గాని ఈ బిళ్ళ వేసుకోవాలి. గర్భిణులకు ఐరన్ బిళ్ళలు రోజూ ఇస్తారు గనుక ఈ సంగతి వారు మరీ గుర్తుంచుకోవాలి.

ఖర్చు సంగతికి వస్తే, 2000 ప్రాంతంలో ఈ మందులకు ఒక మనిషికి ఏడాదికి పది వేల డాలర్లకు పైగా అయ్యేది. 2001లో మన దేశపు సిప్లా కంపెనీ ఏడాదికి 350 డాలర్లకే ఇస్తామని ముందుకు రావడంతో ఆ గోడ కూలింది. 2004 ఏప్రిల్ 1 నుంచి మన ప్రభుత్వం వీటిని ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. ఇవాళ గుంటూరులో చేతికి అందే ఆ తెల్లని సీసా వెనుక ఇంత కథ ఉంది.

ఒంట్లో బాగుంది, బరువు కూడా పెరిగాను. ఇక మానేయవచ్చా?

ఈ పేజీ మొత్తంలో ఒక్క జవాబే చదివే తీరిక మీకుంటే ఇదే చదవండి. మానకూడదు.

మందు వైరస్‌ను పెరగనివ్వదు గాని, కొన్ని కణాలలో నిద్రపోతున్న వైరస్‌ను తుడిచిపెట్టలేదు. మందు ఆపిన కొద్ది వారాలలోనే అది లేచి మళ్లీ రక్తమంతా నిండుతుంది. ఒకరోజు వేసుకుని మూడు రోజులు మానేయడం ఇంకా ప్రమాదం. ఆ కొద్దిపాటి మందుకు అలవాటుపడిన వైరస్ మొండిదై, తరువాత అదే మందు పూర్తిగా వేసినా లొంగకపోవచ్చు. హెపటైటిస్ బి కూడా ఉన్నవారు హఠాత్తుగా ఆపితే కాలేయం దెబ్బతినవచ్చు, ఎందుకంటే ఈ బిళ్ళలోని రెండు మందులు దాన్ని కూడా అదుపులో ఉంచుతుంటాయి.

మిర్చి యార్డులో బస్తాలు మోసే ఒక హమాలీ ఉండేవారు. జనవరి నుంచి మే దాకా సీజను. తెల్లవారుజామున పనిలోకి వెళితే రాత్రికే ఇల్లు. ఒక సీజనులో మందులు తీసుకోవడానికి ఒక పూట పని పోతుందని రాలేదు. "బాగానే ఉన్నాను కదమ్మా, ఘాటుకు కాస్త దగ్గు, అంతే" అని ఫోనులో అన్నారు. యార్డులో మిరప ఘాటుకు అందరూ దగ్గుతారు గనుక ఆ దగ్గును ఆయన గాని, పక్కవారు గాని పట్టించుకోలేదు. జూన్‌లో వచ్చేసరికి బెల్టుకు రెండు కొత్త రంధ్రాలు పొడిచి ఉన్నాయి. అది క్షయ. ఆయన కోలుకున్నారు, మళ్లీ బస్తాలు మోశారు. కాని ఆ ఏడాది వారి ఇంటిల్లిపాదీ పడిన కష్టానికి కారణం హెచ్‌ఐవీ కాదు, మందులకు పడిన ఆ విరామం. నిలకడగా ఉన్నవారికి రెండు మూడు నెలలకు సరిపడా మందులు ఒకేసారి ఇచ్చే ఏర్పాటు ఉంది. పని పోతుందన్న బాధ ఉంటే ముందే చెప్పి అడగండి.

ఒక పూట మరచిపోతే గుర్తుకు వచ్చిన వెంటనే వేసుకోవాలి. మరుసటి బిళ్ళ వేళ దగ్గరపడి ఉంటే రెండు కలిపి వేసుకోకూడదు.

మందు పనిచేస్తున్నదని ఎలా తెలుస్తుంది?

వైరల్ లోడ్ పరీక్షతో తెలుస్తుంది. అది మందులు మొదలుపెట్టిన 6 నెలలకు, 12 నెలలకు, అటుపైన ఏడాదికోసారి చేస్తారు. ఒక మిల్లీలీటరు రక్తంలో వైరస్ ప్రతులు ఎన్ని ఉన్నాయో అందులో తేలుతుంది. క్రమంగా మందు వాడేవారిలో ఎక్కువమందికి ఆరు నెలలలోపే వైరస్ పరీక్షకు దొరకనంతగా తగ్గిపోతుంది.

ఇక్కడ ప్రతి దంపతులకు తెలియవలసిన విషయం ఒకటుంది. వైరల్ లోడ్ 200 కంటే తక్కువకు దిగి, అలాగే నిలిచి ఉన్నవారి నుంచి లైంగిక సంబంధం ద్వారా భాగస్వామికి హెచ్‌ఐవీ సోకదు. ఒకరికి ఉండి మరొకరికి లేని వేలాది జంటలను ఏళ్ల తరబడి గమనించిన అంతర్జాతీయ అధ్యయనాలలో ఇది రుజువైంది. ఈ మాట చెప్పినప్పుడు కళ్లనీళ్లు పెట్టుకున్న భర్తలను చూశాను. భార్య పక్కన కూర్చోవడానికే నాలుగేళ్లుగా భయపడిన మనిషి వారిలో ఒకరు. అయితే ఇది సుఖవ్యాధులకు, అక్కరలేని గర్భానికి వర్తించదు. వాటి నుంచి కాపాడేది కండోమే.

నేను గర్భవతిని, నాకు పాజిటివ్ వచ్చింది. బిడ్డకు తప్పక వస్తుందా?

మీరు మందులు సరిగా వాడితే దాదాపు రాదు. ఏ జాగ్రత్తా తీసుకోకపోతే నూటికి 15 నుంచి 45 మంది బిడ్డలకు సోకే అవకాశముంది. తల్లి గర్భం దాల్చిన తొలి నెలల నుంచే మందులు వాడి, కాన్పు నాటికి వైరల్ లోడ్ దొరకనంతగా తగ్గితే అది నూటికి ఒకటికి అటూ ఇటూగా పడిపోతుంది. అందుకే గర్భిణులందరికీ తొలి నెలలలోనే ఈ పరీక్ష చేయాలి. పుట్టింటికి వచ్చాక, ఎనిమిదో నెలలో తొలిసారి పరీక్ష చేయించుకునేవారు ఇంకా కనిపిస్తున్నారు. అప్పటికైనా మందులతో మేలే జరుగుతుంది గాని, పోయిన నెలలు తిరిగిరావు.

పుట్టిన బిడ్డకు డాక్టరు చెప్పినన్ని వారాలు సిరప్ పోస్తారు. ఆరు వారాలకు మడమ మీద చిన్నగా గుచ్చి, నాలుగైదు రక్తపు చుక్కలను ఒక మందపాటి కార్డు మీది వలయాలలో పడనిచ్చి, ఆరబెట్టి ల్యాబ్‌కు పంపుతారు. ఆ కార్డు ఆరేంతసేపు తల్లి చూపు దాని మీదే ఉంటుంది. తరువాత కూడా పరీక్షలుంటాయి, 18 నెలలకు తుది ఫలితం చెబుతారు. మొదటి ఆరు నెలలూ తల్లిపాలు మాత్రమే ఇవ్వాలి, లేదా డాక్టరు సలహాతో పోతపాలు మాత్రమే ఇవ్వాలి. రెండూ కలిపి ఇవ్వడం బిడ్డ పేగులకు మంచిది కాదు, దానితో వైరస్ సోకే ప్రమాదం పెరుగుతుంది. ఈ మాట ఇంట్లోని అత్తగారికి, అమ్మమ్మకు కూడా తెలియాలి. తేనె నాకించడం, ఆవుపాలు పట్టడం ఎక్కువగా జరిగేది వారి చేతులమీదుగానే.

కండోమ్ కాక ముందుజాగ్రత్తగా వేసుకునే మందు ఉందా?

ఉంది, దాన్ని ప్రెప్ అంటారు. హెచ్‌ఐవీ లేనివారు టెనోఫోవిర్, ఎంట్రిసిటాబిన్ కలిసిన బిళ్ళను రోజూ వేసుకుంటే లైంగికంగా సోకే ముప్పు చాలా ఎక్కువగా తగ్గుతుంది. మొదలుపెట్టేముందు హెచ్‌ఐవీ లేదని పరీక్షలో తేలాలి, మూత్రపిండాల పరీక్ష కూడా చేయాలి. ఆరు నెలలకోసారి ఇంజెక్షనుగా ఇచ్చే లెనకాపవిర్ అనే మందుకు 2025 జూన్‌లో అమెరికాలో అనుమతి లభించింది.

కండోమ్ గురించి ఒక్క మాట. కొబ్బరినూనె, వాజలీన్ వంటివి రాస్తే లేటెక్స్ బలహీనపడి చిరిగిపోతుంది. నీటితో తయారైన జెల్ మాత్రమే వాడాలి.

క్షయకు దీనికి ఏమిటి సంబంధం?

హెచ్‌ఐవీ ఉన్నవారి ప్రాణానికి మన దేశంలో అన్నిటికంటే పెద్ద ముప్పు క్షయే. దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు అనే నాలుగింటిలో ఏ ఒక్కటి ఉన్నా, ఎన్ని రోజులుగా ఉన్నా, వెంటనే చెప్పాలి. రెండు వారాలు చూద్దామనుకోకూడదు. క్షయ లేదని తేలినవారికి అది రాకుండా కూడా మందులు ఇస్తారు. క్షయకు రిఫాంపిసిన్ వాడుతుంటే డొలుటెగ్రావిర్‌ను రోజుకు రెండుసార్లు వేసుకోవాలి కాబట్టి, రెండు చోట్లా డాక్టర్లకు రెండు మందుల సంగతీ చెప్పండి.

పత్యం ఏమైనా చేయాలా? నాటు మందుతో పూర్తిగా నయమవుతుందంటున్నారు, నిజమేనా?

పత్యం లేదు. మీ ఇంట్లో అందరూ తినే అన్నం, పప్పు, గుడ్డు, పెరుగు, ఆకుకూరలు చాలు. గోంగూర, ఆవకాయ మానేయనక్కరలేదు. సారా, సిగరెట్టు మానాలి.

నయం చేస్తామనే ప్రకటనలు నిజం కావు. ప్రపంచంలో హెచ్‌ఐవీ నుంచి పూర్తిగా బయటపడినవారు వేళ్లమీద లెక్కపెట్టగలిగినంతమంది. వారిలో దాదాపు అందరికీ బ్లడ్ క్యాన్సర్ వంటి జబ్బుల కోసం, ప్రాణాపాయంతో కూడిన మూలకణాల మార్పిడి చేశారు. ఉచితంగా దొరికే మందు వదిలి, గాజులు తాకట్టు పెట్టి పొడులు కొన్నవారిని చూసినప్పుడు నాకు కలిగే బాధ ఇంతా అంతా కాదు.

ఆసుపత్రిలో నా విషయం అందరికీ చెప్పేశారు. నేను ఏం చేయగలను?

2017లో పార్లమెంటు చేసిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులో ఉంది. మీ అంగీకారం లేకుండా పరీక్ష చేయడం, ఫలితాన్ని ఇతరులకు చెప్పడం, ఉద్యోగం నుంచి తీసేయడం, పిల్లలను బడికి రానివ్వకపోవడం, వైద్యం నిరాకరించడం, అద్దె ఇల్లు ఇవ్వకపోవడం ఈ చట్టం ప్రకారం కుదరదు. ఫిర్యాదు వినడానికి రాష్ట్రంలో అంబుడ్స్‌మన్ అనే అధికారి ఉండాలని కూడా చట్టం చెబుతోంది.

ఒకసారి ఒక ఆసుపత్రికి ఒక తల్లికి తోడుగా వెళ్లాను. వరండాలో ఇరవై మంది కూర్చుని ఉండగా, ఆమె కేసుషీటు మీద ఎర్ర సిరాతో పెద్ద అక్షరాలలో హెచ్‌ఐవీ అని రాసి, దాన్ని అందరికీ కనబడేలా మంచం తలవైపు తగిలించారు. నేను అడిగితే "మా జాగ్రత్త కోసం" అన్నారు. గ్లౌజులు, శుభ్రమైన సూదులు ప్రతి రోగికీ వాడవలసినవే. అవి వాడితే ఎర్ర సిరాతో పని లేదు. ఆ కాగితం తీయించేదాకా నేను అక్కడి నుంచి కదలలేదు. అటువంటి పరిస్థితిలో మీ ఏఆర్‌టీ కేంద్రం కౌన్సెలర్‌కు చెప్పి, తేదీ, సమయం, జరిగినది రాసిన ఫిర్యాదు ఇవ్వండి.

ప్రభుత్వ సాయం ఏమైనా ఉందా?

ఉంది. ఏఆర్‌టీ మందులు వాడేవారిలో అర్హులకు రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే పెన్షన్ 2024 జూలై నుంచి నెలకు 4,000 రూపాయలు. దరఖాస్తు ఎలా చేయాలో ఏఆర్‌టీ కేంద్రంలోనే అడిగి తెలుసుకోవచ్చు.

మందుల సీసా ఇంట్లో ఎలా దాచుకోవాలి? పని మీద వేరే రాష్ట్రం వెళితే ఎలా?

మందులను వాటి సీసాలోనే, మూత బిగించి ఉంచాలి. లోపల ఉండే తేమ పీల్చే పొట్లాన్ని తీసి పారేయకూడదు. పొయ్యి గట్టు మీద, బాత్రూమ్ గూట్లో, మే నెల ఎండలో నిలిపిన లారీ క్యాబిన్లో పెట్టకూడదు. గుంటూరు నుంచి బస్సులో పల్లెకు వెళ్లే ఒక ఆవిడ, సంచిలో బిళ్ళలు గలగలమంటే పక్కవారు ఏమిటని అడుగుతారని, కేంద్రం బయటే సీసా మూత తీసి ఇంత దూది కుక్కుకునేవారు. అప్పటి నుంచి నేను బల్ల సొరుగులో శుభ్రమైన దూది కట్ట ఒకటి ఉంచుతున్నాను, అడిగినవారికి ఇస్తాను.

ఆటోనగర్ నుంచి లోడు ఎత్తుకుని వెళ్లే డ్రైవర్లు, హైదరాబాద్‌కో బెంగళూరుకో పనికి వెళ్లేవారు బయలుదేరే ముందే కేంద్రంలో చెబితే, వెళ్లే రోజులను బట్టి మందులు ఎక్కువ ఇస్తారు, లేదా అక్కడి కేంద్రానికి బదిలీ కాగితం రాస్తారు. చెప్పకుండా వెళ్లిపోయినా, దారిలో సీసా పోగొట్టుకున్నా తిట్టేవారు ఎవరూ లేరు. దేశంలో ఏ ఏఆర్‌టీ కేంద్రానికైనా మీ చికిత్స పుస్తకం, లేదా దాని మొదటి పేజీ ఫోటో తీసుకుని, చివరి బిళ్ళ అయిపోకముందే వెళ్లండి.